వెబ్ భాషల్లో అర్రే: చారిత్రక పరిణామం

సీ భాష చదివినప్పుడు అర్రేకు మీరు నేర్చుకున్న నిర్వచనాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకే రకానికి చెందిన విలువలు ఉండాలి. అవి మెమొరీలో ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉండాలి. వాటి పరిమాణాన్ని ముందుగానే ప్రకటించాలి. ఇప్పుడు బ్రౌజర్‌లో పనిచేసే జావాస్క్రిప్ట్ అర్రేను తీసుకోండి. అందులో ఒక సంఖ్య, దాని పక్కన ఒక పేరు, ఆ పక్కన ఏకంగా మరో అర్రే ఉండవచ్చు. పరిమాణాన్ని ముందుగా చెప్పనక్కరలేదు. మూడు మూలకాలున్న అర్రేలో వందో స్థానంలో ఒక విలువ పెట్టినా దోష సందేశం రాదు. మధ్య స్థానాలు ఖాళీగా మిగిలిపోతాయి, అంతే. ఇది ఏ రకం అని 'టైపాఫ్'తో అడిగితే 'ఆబ్జెక్ట్' అని సమాధానం వస్తుంది. మనం నేర్చుకున్న నిర్వచనంలో ఒక్క షరతుకూ ఇది కట్టుబడి లేదు.

వీటిని జావాస్క్రిప్ట్ వింతలుగా పరీక్షకు బట్టీ పట్టేవారు చాలామంది. అలా చదివితే పరీక్ష అయిన మర్నాడే మరచిపోతారు. ఈ యూనిట్‌లో మనం వాటిని వేరే విధంగా చూద్దాం. ప్రతి వింతకూ ఒక సంవత్సరం ఉంది, ఒక సందర్భం ఉంది. వాటన్నిటి వెనకా ఉన్న కారణం మాత్రం ఒక్కటే. ఆఫీసులో నడిచే ఒక సీ ప్రోగ్రామ్‌ను పాత కంపైలర్‌తోనే ఏళ్ల తరబడి నడుపుకోవచ్చు. వెబ్ పేజీకి ఆ వీలు లేదు. 1997లో ఎవరో రాసి సర్వర్‌లో పెట్టిన పేజీని ఇవాళ తెరిచేవారి చేతిలో ఇవాళ్టి బ్రౌజరే ఉంటుంది. కొత్త బ్రౌజర్‌లో పాత పేజీ ఆగిపోతే పాఠకుడు నిందించేది బ్రౌజర్‌ను. అందువల్ల బ్రౌజర్ తయారీదారులు భాషలో ఒకసారి చేర్చినదాన్ని తీసివేయడానికి సాహసించరు. అర్రే విషయంలో ఈ నిర్బంధం ఎంత దూరం పోయిందో ముందుముందు మీరే గమనిస్తారు.

సున్నా నుంచి లెక్క ఎందుకు?

మొదటి మూలకం సూచిక 1 కాక 0 ఎందుకైంది? ఇది వెబ్ కంటే పాత కథ. 1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్‌లో సూచికలు 1 నుంచి మొదలయ్యేవి. ఆ భాషను వాడినవారు శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు. గణితంలో మాత్రికలు రాసే అలవాటు వారికి అలాగే ఉండేది. 1967లో కేంబ్రిడ్జిలో మార్టిన్ రిచర్డ్స్ బీసీపీఎల్ అనే భాషను రూపొందించారు. అందులో సూచిక అంటే వరుస సంఖ్య కాదు, దూరం. అర్రే మొదలైన చిరునామా నుంచి ఎన్ని గడులు ముందుకు వెళ్లాలో అది చెబుతుంది. మొదటి మూలకం మొదటి చిరునామాలోనే ఉంది కాబట్టి వెళ్లాల్సిన దూరం సున్నా. బీసీపీఎల్ నుంచి కెన్ థాంప్సన్ బీ భాషకు, అక్కడి నుంచి డెన్నిస్ రిచీ సీ భాషకు ఇదే పద్ధతి వచ్చింది. సీ నుంచి జావాకు, సీ, జావాల రూపాన్ని అనుసరించిన జావాస్క్రిప్ట్‌కు వారసత్వంగా దిగింది.

1982లో డైక్‌స్ట్రా ఒక చిన్న వ్యాసంలో సున్నా నుంచి లెక్కపెట్టడమే మేలని వాదించారు. 0 ≤ i < N అని రాస్తే పై హద్దు నుంచి కింది హద్దును తీసివేయగానే మూలకాల సంఖ్య వస్తుందని, పక్కపక్క భాగాల హద్దులు సరిగ్గా కలుస్తాయని ఆయన చూపారు. వాదన బలమైనదే. అయితే సీ భాష సున్నాను ఎంచుకున్న దశాబ్దం తర్వాత వచ్చిన వాదన అది. పాఠ్యపుస్తకాల్లో ఈ వరుస తారుమారై, డైక్‌స్ట్రా చెప్పారు కాబట్టి సున్నా వచ్చిందన్నట్లు కనిపిస్తూ ఉంటుంది. మీ జవాబు పత్రంలో అలా రాయకండి.

అర్రే లేని జావాస్క్రిప్ట్

1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాషకు తొలి నమూనా తయారు చేశారు. అప్పటి పేరు మోకా. అదే ఏడాది డిసెంబర్ 4న నెట్‌స్కేప్, సన్ సంస్థలు కలిసి దానిని జావాస్క్రిప్ట్ అనే పేరుతో ప్రకటించాయి. నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0లో అది ప్రజల ముందుకు వచ్చింది. ఈ మొదటి రూపంలో ప్రోగ్రామర్ వాడుకోవడానికి అర్రే అనే రకమే లేదు.

మరి జాబితా కావలసినవారు ఏం చేసేవారు? ఆ భాషలో ఏ ఆబ్జెక్ట్‌నైనా చదరపు కుండలీకరణాల్లో సంఖ్య రాసి వాడుకునే వీలుండేది. దానిని ఆధారం చేసుకుని నెట్‌స్కేప్ తన మార్గదర్శినిలో 'మేక్ అర్రే' అనే చిన్న ఫంక్షన్‌ను ఇచ్చింది. అది ముందుగా 'లెంగ్త్' అనే ప్రాపర్టీలో పరిమాణాన్ని రాస్తుంది, ఆ తర్వాత 1 నుంచి ఆ పరిమాణం దాకా ఒక్కో స్థానంలో సున్నాను నింపుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. స్థానాలు 1 నుంచి ఎందుకు? ఆ తొలి రూపంలో ఆబ్జెక్ట్ ప్రాపర్టీలకు పేరుతోపాటు వరుస సంఖ్య కూడా ఉండేది. మొదట రాసిన లెంగ్త్ సున్నా స్థానాన్ని ఆక్రమించేది. సీ వారసత్వం సున్నా అంటుంటే, ఆ భాషను తయారుచేసిన సంస్థ మార్గదర్శినే 1 నుంచి మొదలుపెట్టమని చూపింది. ఆనాటి పేజీల రచయితలు ఆ ఫంక్షన్‌ను యథాతథంగా దించుకున్నారు.

1996 ఆగస్టులో వచ్చిన నావిగేటర్ 3.0తో అసలైన అర్రే అందుబాటులోకి వచ్చింది. జాయిన్, రివర్స్, సార్ట్ అనే మూడు మెథడ్‌లు దానితో వచ్చాయి. సూచికలు సున్నా నుంచి మొదలయ్యాయి. కానీ పునాది పాతదే. ఈ అర్రే కూడా ఒక ఆబ్జెక్టే, లెంగ్త్ అనే ప్రాపర్టీ తనను తాను సరిచేసుకోవడమే దాని ప్రత్యేకత. పెద్ద సూచిక ఎంతో చూసి దానికి ఒకటి కలిపి లెంగ్త్‌గా ఉంచుతుంది. మనం లెంగ్త్‌ను తగ్గిస్తే చివరి మూలకాలు పోతాయి, సున్నా చేస్తే అర్రే ఖాళీ అవుతుంది. సూచికలు కూడా నిజానికి ప్రాపర్టీ పేర్లే. వందో స్థానంలో విలువ పెడితే దోషం రాకపోవడానికి, టైపాఫ్ 'ఆబ్జెక్ట్' అనడానికి కారణం ఇదే. ఒక అర్రేలో గరిష్ఠంగా ఉండగల మూలకాల సంఖ్య 4294967295, అంటే 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య.

నేటి బ్రౌజర్ ఇంజన్లు దీనిని తెలివిగా నడుపుతాయి. స్థానాలు ఖాళీ లేకుండా వరుసగా నిండి ఉన్నంతవరకు లోపల సీ అర్రేలాగే పక్కపక్కన భద్రపరుస్తాయి. మీరు ఉన్నట్టుండి ఎంతో దూరపు సూచికలో విలువ పెడితే, వరుస పద్ధతి వదిలి నిఘంటువు తరహా అమరికకు మారతాయి. ప్రోగ్రామ్ ఫలితం మారదు, వేగం మాత్రం తగ్గుతుంది.

ఒక పోలిక: పీహెచ్‌పీ

సర్వర్ వైపు కూడా దాదాపు ఇదే దారి. 1995 జూన్‌లో రాస్మస్ లెర్‌డార్ఫ్ బయటపెట్టిన పరికరాల నుంచి పెరిగిన పీహెచ్‌పీలో అర్రే అని పిలిచేది నిజానికి హాష్ పట్టిక. సూచికగా సంఖ్య అయినా, పేరు అయినా ఇవ్వవచ్చు. పెట్టిన వరుస కూడా గుర్తుంటుంది. వెబ్ ఫారంలో గడి పేరు చివర [] చేర్చితే చాలు, ఆ గడుల విలువలన్నీ సర్వర్‌లో ఒక అర్రేగా సిద్ధంగా కనిపిస్తాయి. కొత్తవారు ఈ భాషను అంత త్వరగా నేర్చుకోగలగడానికి ఈ సౌకర్యం ముఖ్య కారణమని నా అభిప్రాయం.

అదే సౌకర్యం ఒక ప్రమాదానికి తావిచ్చింది. హాష్ పట్టికలో ఒక్కో సూచికను లెక్కకట్టి ఒక్కో గడిలో వేస్తారు. వేర్వేరు సూచికలు ఒకే గడిలో పడితే వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా వెతుక్కోవాలి. కావాలని అన్నీ ఒకే గడిలో పడే పేర్లను ఏరి పంపితే? 2003లోనే స్కాట్ క్రాస్బీ, డాన్ వాలాక్ ఈ ముప్పును వివరించారు. పెర్ల్ భాష అప్పుడే జాగ్రత్తపడింది. చాలా భాషలు పట్టించుకోలేదు. 2011 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన ఖేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో అలెగ్జాండర్ క్లింక్, జూలియన్ వేల్డే దీనిని చేసి చూపించారు. ఏరిన పేర్లతో నింపిన ఒక్క ఫారం పంపి సర్వర్ ప్రాసెసర్‌ను చాలాసేపు ఊపిరాడకుండా చేయవచ్చని తేలింది. పీహెచ్‌పీ ఒక్కటే కాదు, అనేక వెబ్ భాషలు దీనికి లోబడ్డాయి. 2012 జనవరిలో వచ్చిన పీహెచ్‌పీ 5.3.9 ఒక పరిమితి పెట్టింది. ఒక ఫారం నుంచి డిఫాల్ట్‌గా 1000 గడులకు మించి స్వీకరించదు.

ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, మీకు పని పడుతుంది. ఒక తరగతిలో 60 మంది, ఒక్కొక్కరికి 20 గడులు ఉండే మార్కుల నమోదు ఫారం తయారుచేశారనుకోండి. మొత్తం 1200 గడులు. మిగతా 200 సర్వర్‌కు చేరినా అర్రేలోకి ఎక్కవు. దోష సూచనలు తెరపై కనపడకుండా కట్టేసి ఉంటే చివరి పదిమంది మార్కులు ఎందుకు రాలేదో అంతుపట్టదు. కారణం మీ ప్రోగ్రామ్‌లో ఉండదు, 2011 చివరి వారంలో ఉంటుంది.

పెర్ల్ నుంచి వచ్చిన పేర్లు

మళ్లీ బ్రౌజర్‌కు వద్దాం. 1997 జూన్‌లో నావిగేటర్ 4తో జావాస్క్రిప్ట్ 1.2 వచ్చింది. పుష్, పాప్, షిఫ్ట్, అన్‌షిఫ్ట్, స్ప్లైస్ అనే మెథడ్‌లు అప్పుడు చేరాయి. పేర్లు పెర్ల్ భాషవి. [10, 20, 30] అని నేరుగా రాసి అర్రేను సృష్టించే పద్ధతి కూడా అప్పటిదే. అంతకుముందు 'న్యూ అర్రే' అని రాసి కుండలీకరణాల్లో విలువలు ఇవ్వాల్సి వచ్చేది. ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. రెండు సంఖ్యలు ఇస్తే రెండు మూలకాల అర్రే వస్తుంది. 5 అనే ఒక్క సంఖ్య ఇస్తే 5 అనే మూలకం రాదు, ఐదు ఖాళీ స్థానాలు వస్తాయి.

జావాస్క్రిప్ట్ 1.2లో దీనిని దిద్దడానికి నెట్‌స్కేప్ ఒక ప్రయత్నం చేసింది. పేజీలో భాష పేరు జావాస్క్రిప్ట్ 1.2 అని ప్రకటిస్తే 5 ఇచ్చినప్పుడు 5 అనే ఒకే మూలకమున్న అర్రే వస్తుంది, లేకపోతే పాత పద్ధతే. ఒకే వాక్యానికి రెండు అర్థాలు. సరిగ్గా అదే నెలలో ఎక్మా సంస్థ ఈ భాషకు మొదటి ప్రమాణ పత్రాన్ని వెలువరించింది. అందులో పాత అర్థమే నిలిచింది. అప్పటికే మైక్రోసాఫ్ట్ కూడా తన బ్రౌజర్‌లో జేస్క్రిప్ట్ పేరుతో ఇదే భాషను నడుపుతోందని మరవకండి. దిద్దుబాటు వెనక్కి పోయింది, చిక్కు మిగిలింది. 2015 ప్రమాణంలో 'అర్రే ఆఫ్' అనే కొత్త మెథడ్‌ను చేర్చి పరిష్కరించారు. పాతదాన్ని మాత్రం ముట్టుకోలేదు. పాతదాన్ని అలాగే ఉంచి పక్కన కొత్త పేరు పెట్టే ఈ ధోరణి ఇక్కడి నుంచి మీకు పదేపదే ఎదురవుతుంది. చదరపు కుండలీకరణాల పద్ధతికి, పుష్, పాప్‌లకు 1999 డిసెంబర్ నాటి మూడో ప్రమాణంలో చోటు దక్కింది.

సార్ట్ కథ

మొదటి మూడు మెథడ్‌లలో సార్ట్ ఒకటని చూశాం. [95, 100, 8] అనే మార్కుల అర్రేను సార్ట్ చేయండి. ఫలితం [100, 8, 95]. సంఖ్యలను పదాలుగా మార్చి, నిఘంటువులో వెతికినట్లు మొదటి అక్షరాన్ని బట్టి పోల్చడం వల్ల ఇలా వస్తుంది. 1 తర్వాత 8, ఆ తర్వాత 9.

దీనిని అజాగ్రత్తగా కొట్టివేయడం తేలిక. రూపకర్త స్థానంలో మీరుంటే ఏం చేసేవారో ఆలోచించండి. ఈ అర్రేలో సంఖ్యలు, పదాలు, ఆబ్జెక్టులు కలిసి ఉండవచ్చు. వీటన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చగల ఉమ్మడి కొలబద్ద ఏది? ప్రతి విలువనూ పదంగా మార్చవచ్చు కనుక పదంగా పోల్చడం ఒక్కటే అన్ని సందర్భాల్లోనూ నడుస్తుంది. సంఖ్యలుగా పోల్చాలంటే పోల్చే ఫంక్షన్‌ను మీరే ఇవ్వాలి. 1996లో ఈ నిర్ణయం సమంజసమే. ఫారాల్లో నాలుగు పేర్లు వరుసలో పెట్టుకోవడానికి తప్ప పెద్ద లెక్కలకు ఈ భాషను వాడతారని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

తెలుగు పేజీలు రాసేవారికి ఇందులో మరో ఉచ్చు ఉంది. సార్ట్ పోల్చేది అక్షరాలను కాదు, యూనికోడ్‌లో వాటికి కేటాయించిన సంఖ్యలను. భారతీయ లిపులన్నిటికీ యూనికోడ్ ఒకే మూసలో గడులు కేటాయించింది. ఆ మూసలో 'ళ' అక్షరం 'ల' పక్కన, 'వ' కంటే ముందు కూర్చుంది. బడిలో మనం నేర్చుకున్న వర్ణమాలలో 'హ' తర్వాత వచ్చేది 'ళ'. కనుక 'కవి', 'కళ' అనే రెండు పదాలను సార్ట్‌కు ఇస్తే 'కళ' ముందు వస్తుంది. బడి వర్ణమాల ప్రకారం 'కవి' ముందు రావాలి. తెలుగు పదకోశాన్ని లేదా ఓటర్ల జాబితా వంటిదాన్ని పేజీలో చూపేటప్పుడు పోల్చే ఫంక్షన్‌ను మీరే ఇవ్వక తప్పదని దీని అర్థం. భాషల వారీ వరుసను పాటించే 'కొలేటర్' అనే సదుపాయం 2012లో వచ్చిన వేరొక ఎక్మా ప్రమాణంతో అందింది. అది ఇచ్చే వరుస మీకు కావలసిందేనా అని కొన్ని పదాలతో సరిచూసుకున్నాకే వాడండి.

సార్ట్‌లో ఇంతకంటే నిశ్శబ్దమైన లోపం మరొకటి చాలాకాలం ఉండేది. విద్యార్థుల జాబితాను ముందు పేర్ల వరుసలో పెట్టారు. తర్వాత మార్కుల వారీగా సార్ట్ చేశారు. ఒకే మార్కులు వచ్చినవారు తమలో తాము పేర్ల వరుసలోనే ఉంటారా? ఉంటే ఆ పద్ధతిని స్థిరమైన సార్ట్ అంటారు. ఉండాలని ప్రమాణ పత్రం ఎక్కడా చెప్పలేదు. క్రోమ్ బ్రౌజర్‌లోని వీ8 ఇంజన్ పది మూలకాల వరకు ఒక పద్ధతి, అంతకుమించితే మరో పద్ధతి వాడేది. చిన్న అర్రేలకు వాడిన ఇన్సర్షన్ సార్ట్ స్థిరమైనది, పెద్దవాటికి వాడిన క్విక్ సార్ట్ కాదు. ఫలితం ఊహించండి. పదిమంది పేర్లతో పరీక్షించినప్పుడు అంతా సవ్యంగా ఉంటుంది. తరగతి మొత్తాన్ని ఎక్కించాక సమాన మార్కులవారు చెదిరిపోతారు. ప్రోగ్రామర్ తన తర్కాన్నే పదేపదే వెతుక్కుంటాడు.

2018లో వీ8 ఇంజన్ టిమ్‌సార్ట్‌కు మారింది. ఇది 2002లో పైథాన్ భాష కోసం టిమ్ పీటర్స్ రూపొందించిన స్థిరమైన పద్ధతి. 2019 ప్రమాణంలో సార్ట్ స్థిరంగా ఉండి తీరాలని చేర్చారు. 1996 నుంచి లెక్కిస్తే ఇరవై మూడేళ్లు. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఇది పాత పేజీలను ఆపకుండా చేయగలిగిన దిద్దుబాటు. చెదిరిన వరుస మీద ఆధారపడి ఎవరూ పేజీ రాసి ఉండరు. [100, 8, 95] అనే ఫలితాన్ని మాత్రం నేటికీ మార్చలేదు, ఇక మార్చరు కూడా.

లైబ్రరీల కాలం

1999 తర్వాత ప్రమాణ రచన దాదాపు పదేళ్లు స్తంభించింది. నాలుగో ప్రమాణం కోసం సాగిన కృషి సభ్యుల మధ్య విభేదాలతో 2008లో ఆగిపోయింది. ఈలోగా వెబ్ ఆగలేదు. భాషలో లేని మెథడ్‌లను ప్రోగ్రామర్లు తామే రాసుకున్నారు. 2005లో శామ్ స్టీఫెన్సన్ తెచ్చిన ప్రోటోటైప్, 2006లో వలేరియో ప్రొయెత్తి తెచ్చిన మూటూల్స్ లైబ్రరీలు ఒక ధైర్యమైన దారి తొక్కాయి. భాషలోని అర్రేకే నేరుగా కొత్త మెథడ్‌లు తగిలించాయి. జావాస్క్రిప్ట్‌లో అర్రేలన్నిటికీ ఉమ్మడి మాతృక ఒకటి ఉంటుంది. దానికి ఒక మెథడ్ చేర్చితే పేజీలోని ప్రతి అర్రేకూ అది వస్తుంది. వాడేవారికి ఎంతో హాయి. 2006లోనే వచ్చిన జాన్ రెసిగ్ జేక్వెరీ మాత్రం ఆ మాతృకను ముట్టుకోకుండా తన సొంత ఆబ్జెక్ట్‌లోనే అన్నీ పెట్టుకుంది. ఆనాడు ఇది అభిరుచి భేదంలా కనిపించింది.

మరోవైపు 2005 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.5లో ఫర్‌ఈచ్, మ్యాప్, ఫిల్టర్, ఇండెక్స్ఆఫ్ వంటివి చేరాయి. మ్యాప్ అనే ఆలోచన జాన్ మెకార్తీ లిస్ప్ కాలం నాటిది, అప్పటికే నలభై ఏళ్లు దాటినది. 2009 డిసెంబర్‌లో వెలువడిన ఐదో ప్రమాణంలో ఇవన్నీ, రెడ్యూస్‌తో సహా, అధికారికమయ్యాయి. 'ఇది అర్రేనా?' అని నమ్మకంగా అడిగే 'ఈజ్ అర్రే' కూడా అప్పుడే వచ్చింది. టైపాఫ్ సమాధానాన్ని మార్చలేరు కాబట్టి మళ్లీ పక్కన ఒక కొత్త పేరు.

ఫ్లాటెన్ వివాదం, 2018

ఇక ఈ యూనిట్‌లో అతి ముఖ్యమైన ఘట్టం. అర్రేలో అర్రేలు ఉన్నప్పుడు, [1, [2, 3]] వంటిదాన్ని విప్పి [1, 2, 3]గా చదును చేసే మెథడ్ కావాలని ఎప్పటినుంచో కోరిక ఉంది. భాష ప్రమాణాలను చూసే టీసీ 39 సంఘం దానికి 'ఫ్లాటెన్' అని పేరు పెట్టింది. 2018 మార్చిలో ఫైర్‌ఫాక్స్ ప్రయోగాత్మక కూర్పులో దానిని చేర్చగానే కనీసం ఒక వెబ్‌సైట్ పనిచేయడం మానేసిందని ఫిర్యాదు వచ్చింది. వెతికితే కారణం మూటూల్స్ అని తేలింది.

ఏం జరిగిందో మెల్లగా చదవండి. మూటూల్స్ తన సొంత ఫ్లాటెన్‌ను అర్రే మాతృకకు చేర్చుతుంది. ఆ తర్వాత, అర్రేకు తాను చేర్చిన మెథడ్‌లన్నిటినీ 'ఎలిమెంట్స్' అనే తన మరో రకానికి నకలు చేస్తుంది. నకలుకు ఫర్-ఇన్ లూప్ వాడుతుంది. ఫర్-ఇన్ లూప్‌కు అన్ని ప్రాపర్టీలూ కనపడవు. మనం చేర్చినవి కనపడతాయి, భాషలో ముందే ఉన్న మెథడ్‌ల మీద 'కనపడవద్దు' అనే గుర్తు ఉంటుంది. ఇప్పుడు బ్రౌజర్‌లోనే ఫ్లాటెన్ ఉందనుకోండి. మూటూల్స్ దాని మీద తనది రాస్తుంది. మెథడ్ మారుతుంది, కానీ 'కనపడవద్దు' అనే గుర్తు అలాగే మిగులుతుంది. నకలు చేసే లూప్ దానిని దాటిపోతుంది. ఎలిమెంట్స్‌కు ఫ్లాటెన్ అందదు. ఆ మెథడ్ మీద ఆధారపడిన పేజీ అక్కడ ఆగిపోతుంది. మూటూల్స్ రచయితలు ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు, బ్రౌజర్ వారూ ఉల్లంఘించలేదు. పన్నెండేళ్ల తేడాతో ఇద్దరూ ఒకే మాటను ఎంచుకున్నారు.

సంఘ సభ్యుడు మైకేల్ ఫికారా హాస్యానికి 'స్మూష్' అనే పేరు సూచించారు. నలిపేయడం అని దాని అర్థం. చాలామంది దానిని నిజమైన ప్రతిపాదనగా తీసుకుని ఆగ్రహించారు. చర్చ రెండు పక్షాలుగా చీలింది. అప్పటికే కొత్త పనుల్లో అరుదుగా వాడే ఒక లైబ్రరీ కోసం భాషనంతా వంచాలా, ఆ పేజీలను వాటి మానాన వదిలేయవచ్చు కదా అన్నది ఒక పక్షం. ఆ పేజీల యజమానుల్లో చాలామందికి దిద్దుకునే తీరిక గాని, దిద్దగలిగే మనిషి గాని ఉండరు, వాటిని చదివేవారు చేసిన తప్పేమిటి అన్నది రెండో పక్షం. 2018 మేలో సంఘం 'ఫ్లాట్' అనే పేరుతో సరిపెట్టుకుంది. 2019 ప్రమాణంలో ఆ పేరే చేరింది.

నా దృష్టిలో రెండో పక్షానిదే న్యాయం. భాష నేర్చుకునేవారికి ఒక అందమైన పేరు పోవడం చిన్న నష్టం. ఏనాడో ఎవరితోనో చేయించుకున్న పేజీతో దుకాణం నడుపుకునే వ్యక్తికి ఒకనాటి ఉదయం అది తెరుచుకోకపోవడం పెద్ద నష్టం, పైగా కారణం ఆ వ్యక్తికి ఎవరూ చెప్పరు. అయితే ఈ పద్ధతి వల్ల భాష ఏటేటా బరువెక్కుతోందని వాదించేవారి మాటలోనూ నిజముంది. మీరు ఏ పక్షమో కారణాలతో ఒక పుట రాసి చూడండి, సంపర్క తరగతిలో చర్చకు పనికొస్తుంది.

ఇది ఒక్కసారి జరిగి ముగిసిన సంఘటన కాదు. ఒక విలువ అర్రేలో ఉందో లేదో చెప్పే మెథడ్‌కు మొదట అనుకున్న పేరు 'కంటెయిన్స్'. అక్కడా మూటూల్స్ అడ్డొచ్చింది. 2016 ప్రమాణంలో అది 'ఇంక్లూడ్స్'గా చేరింది. చివరి నుంచి లెక్కపెట్టి మూలకాన్ని ఇచ్చే మెథడ్‌కు 'ఐటెమ్' అనుకున్నారు. యాహూ వారి పాత వైయూఐ లైబ్రరీ ఆ పేరున్న ప్రతిదాన్నీ పేజీ భాగాల జాబితాగా భావిస్తుందని తేలడంతో 2022లో 'ఎట్' అని చేర్చారు. మూలకాలను వర్గాలుగా విడదీసే 'గ్రూప్‌బై'కి షుగర్ అనే లైబ్రరీతో పేచీ వచ్చింది. 'గ్రూప్' అని కుదించినా చిక్కు తీరలేదు. చివరకు దానిని అర్రే మెథడ్‌గా పెట్టే ఆలోచన మానుకుని 2024 ప్రమాణంలో ఆబ్జెక్ట్, మ్యాప్‌ల కింద పెట్టారు. అర్రేను విభజించే మెథడ్ అర్రే దగ్గర ఎందుకు లేదని తికమకపడే విద్యార్థికి జవాబు ఇదే.

మీరు ప్రాజెక్టు పని చేసేటప్పుడు అర్రే మాతృకకు సొంత మెథడ్ చేర్చవద్దని మా సూచన. విడి ఫంక్షన్‌గా రాసి అర్రేను దానికి పంపండి. మీ పేజీ ఎంతకాలం సర్వర్‌లో ఉంటుందో మీరు చెప్పలేరు.

ఇటీవలి చేర్పుల్లో ఒకటి ఇక్కడ ప్రస్తావించాలి. సార్ట్, రివర్స్, స్ప్లైస్ మూడూ ఇచ్చిన అర్రేనే మార్చివేస్తాయి. మెమొరీ పొదుపుగా ఉండాల్సిన రోజుల్లో అదే సబబు. నేటి ప్రోగ్రాముల్లో ఒకే అర్రేను పలు భాగాలు పంచుకుంటాయి. ఒక చోట సార్ట్ చేస్తే మరో చోట తెరపై వరుస మారిపోయి ఆశ్చర్యపరుస్తుంది. 2023 ప్రమాణంలో 'టు సార్టెడ్', 'టు రివర్స్‌డ్', 'టు స్ప్లైస్‌డ్' అనేవి వచ్చాయి. ఇవి అసలు అర్రేను అలాగే ఉంచి కొత్త అర్రేను ఇస్తాయి. పాత మూడింటినీ తొలగించలేదు.

తర్వాతి యూనిట్‌కు వెళ్లేముందు బ్రౌజర్ కన్సోల్ తెరిచి [95, 100, 8] అర్రేను ముందు 'టు సార్టెడ్'తో, ఆ తర్వాత సార్ట్‌తో నడపండి. ప్రతిసారీ అసలు అర్రేను మళ్లీ ముద్రించి రెండింటి తేడాను మీ నోటు పుస్తకంలో రాసుకోండి. 'టు సార్టెడ్' కూడా మార్కులను పదాలుగానే పోల్చిందని గమనిస్తారు. పోల్చే ఫంక్షన్ ఇచ్చి సరైన వరుస రాబట్టడం మొదటి అభ్యాసం.